అందరూ ముట్టుకున్న సబ్బు

ఆడపిల్లల హాస్టల్లో వంటింటి పెత్తనం పిన్నిది. ఆవిడ అక్క కూతురు అదే హాస్టల్లో ఉంటూ బట్టల షాపులో పనిచేసేది. ఆ పిల్ల "పిన్నీ, పిన్నీ" అంటూ వెనకాలే తిరుగుతుంటే మిగతా పిల్లలూ అదే పిలుపు అందుకున్నారు. చివరికి నెరిసిన మీసాల వంటాయన కూడా పిన్నిగారూ అనడం మొదలుపెట్టాడు. అసలు పేరు జీతమిచ్చే ఓనరమ్మకైనా గుర్తుందో లేదో అనుమానమే.

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది. పిన్నికి అసహ్యం ఉండేది. సింకు జాలీలో ఇరుక్కుని ఉబ్బిన మెతుకులు కంటపడితే ఆవిడకి ఆ పూట అన్నం సహించదు. గిన్నెలు తోమే పీచు వాసన చూసి, మొహం అష్టవంకర్లు తిప్పి, రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి చెత్తబుట్టలో పడేసేది. బాత్రూం తూముకి అడ్డంపడ్డ వెంట్రుకల ఉండ, మెట్ల మూల ఎవరో ఉమ్మిన మరక, మంచినీళ్ళ డ్రమ్ములో గ్లాసుతోపాటు మునిగిన ఎవరిదో వేలు. "ఛీ! మనుషులా, పశువులా?" పొద్దున లేచింది మొదలు ఇదే పాట. నిజం చెప్పాలంటే అందులో చాలావరకు న్యాయం ఉంది. ఆ హాస్టల్ ఆ మాత్రం శుభ్రంగా ఉండేదంటే పిన్ని నోటికి జడిసే.

అన్నిటికన్నా ఆవిడకి కడుపులో తిప్పేది వంటింటి వెనక పనివాళ్ళ బాత్రూంలోని సబ్బు. అది ఎప్పుడు చూసినా సగం అరిగి, అడుగున నాని జిగురు తేలి, పైన ఒక వెంట్రుక అంటుకుని ఉండేది. వంటాయన ముట్టుకున్నది, కూరలు తరిగే తుమ్ములమ్మ ముట్టుకున్నది, గ్యాస్ బండలు మోసుకొచ్చేవాడు కూడా ముట్టుకున్నది. "వీళ్ళు ఏ పనిచేసి, ఏ చేత్తో దాన్ని పట్టుకున్నారో తెలిసీ నేను ముట్టుకోవాలా?" అని పిన్నికి ఒళ్ళు జలదరించేది. ఒకసారి పట్టుదలగా తన సొంత సబ్బు తెచ్చి పెట్టుకుంది. మర్నాటికి దానిమీదా ఒక వెంట్రుక! ఆ రోజుతో సబ్బుకి నీళ్ళొదిలేసింది. మగ్గులకు మగ్గులు నీళ్ళు గుమ్మరించి, అరచేతులు ఎర్రబడేదాకా రుద్దుకుని, అవి ఆరేదాకా దేన్నీ తాకకుండా ఎత్తి పట్టుకుని వంటింట్లోకి వచ్చేది. తనంత శుభ్రమైన చేతులు ఆ కొంపలో మరొకరికి లేవని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ మధ్య పిల్లలకి సన్నబడాలనే పిచ్చి పట్టుకుంది. రాత్రిపూట అన్నం తగ్గించి పచ్చిముక్కలు పెట్టమన్నారు. కీరా, క్యారెట్, ఉల్లిపాయ తుమ్ములమ్మ తరిగేది. ఉప్పు, నిమ్మరసం వేసి కలిపేది మాత్రం పిన్నే, అదీ చేత్తోనే. గరిట ఎందరి చేతుల్లో నలుగుతుందో ఎవరికి తెలుసు? పిల్లలేమో గిన్నె ఖాళీ చేసి, పిన్ని చేతి రుచే వేరు అని మెచ్చుకునేవాళ్ళు.

తుమ్ములమ్మ సంగతి చెప్పాలి. ఆ మనిషికి ఏడాది పొడుగునా జలుబే. తుమ్ము వస్తే మొహం పక్కకి తిప్పి, ముక్కు భుజానికి రుద్దుకునేది. అక్కడ చీర ఎండిపోయి బిరుసెక్కి ఉండేది. ఆ భుజం వంక చూస్తే పిన్నికి డోకొచ్చేది.

"ఏమే, ఆ ముక్కు ఇంటి దగ్గర పెట్టి రారాదూ?" అనేది పిన్ని.

"ఇంట్లో పెడితే ఇక్కడ కూర మాడుతున్న వాసన ఎవరు పసిగడతారు పిన్నిగారూ?" అని తుమ్ములమ్మ పళ్ళికిలించేది. ఎన్ని తిట్టినా ఆ మనిషికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

జ్వరాలు మొదలయ్యాయి. ముందు ఒక పిల్ల, తర్వాత పక్క మంచం పిల్ల. పగలంతా ఎలాగోలా తిరిగేవాళ్ళు, సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయేది. తలనొప్పి, నాలుక మీద తెల్లటి పూత, అన్నం చూస్తే వెగటు. మందుల షాపువాడిచ్చిన బిళ్ళలు వేసుకుని, కాస్త తగ్గగానే మానేసేవాళ్ళు. వారం తిరక్కుండా మళ్ళీ మొదటికి వచ్చేది. పిన్ని వాళ్ళని చెడామడా తిట్టింది. రోడ్డుపక్క బండి మీద తిన్నారంది, ఫోన్ పట్టుకున్న చేత్తోనే అన్నం తిన్నారంది. మేడమీద నీళ్ళ ట్యాంకు కడిగించింది. దాని అడుగున ఉబ్బి తెల్లబడిన బల్లి దొరికితే, "చెప్పానా!" అని అందరినీ పిలిచి చూపించింది. ట్యాంకు మెరిసిపోయింది. జ్వరాలు మాత్రం తగ్గలేదు.

తర్వాత అక్క కూతురు పడింది. మేనత్త పోలికని అందరూ అన్నా, పెంపకం మాత్రం పిన్నిదే. సొంత పిల్లలు లేని ఆవిడకి పంచప్రాణాలూ ఆ పిల్లే. దానికీ అవే బిళ్ళలు వేసింది, నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. వారం దాటినా జ్వరం దిగలేదు. ఒకనాడు తుమ్ములమ్మ కత్తిపీట వదిలేసి పరుగున వచ్చింది.

"పిన్నిగారూ, పిల్లని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. నిన్నటినుంచీ కడుపునొప్పిట. దొడ్డికి తారులా నల్లగా పోతోందిట."

"నాతో చెప్పలేదే?"

తుమ్ములమ్మ నీళ్ళు నమిలింది. "మీతో అలాంటివి అంటే ఛీ అంటారని భయపడిందండీ."

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. టైఫాయిడ్ అన్నాడు డాక్టరు. పేగులో పుండు పడి రక్తం కారుతోందనీ, ఇంకాస్త ఆలస్యమైతే పేగుకి చిల్లుపడి చేతికి దక్కేది కాదనీ కసిరాడు. "జ్వరం మూడు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించాలని తెలీదా? తోచిన బిళ్ళలు వేసి తోచినప్పుడు మానేస్తారా?" అన్నాడు.

ఒకే హాస్టల్ నుంచి ఇన్ని కేసులేమిటని ఆరోగ్యశాఖ నుంచి ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ట్యాంకు చూసింది, తూములు చూసింది. ఆ తర్వాత వంటింట్లో ముగ్గురికీ తలొక చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టింది.

"రేపు పొద్దున ఎవరి మలం వాళ్ళు ఇందులో కాస్త పెట్టి, మూత బిగించి ఇవ్వండి," అంది, పప్పు ఉప్పు గురించి మాట్లాడినంత మామూలుగా.

పిన్ని ఆ డబ్బాని కాగితంలో చుట్టి పట్టుకుంది. తెల్లారి బాత్రూంలోకి వెళ్ళింది, మూత తీసింది, మళ్ళీ పెట్టింది. ఎవరి కంపునైనా ఎత్తి చూపగలదు గానీ, తనది తను చూడాలంటే కళ్ళు మూసుకుపోతున్నాయి. దాన్ని పుల్లతో తీసి, డబ్బాలో పెట్టి, పైన తన పేరున్న కాగితం అంటించి, నలుగురిలో మోసుకెళ్ళాలా? కడుపులోంచి ఎగదన్నుకొచ్చింది. వాంతి చేసుకుని, ఖాళీ డబ్బాతో బయటికొచ్చి తుమ్ములమ్మని చాటుకి పిలిచింది.

"నీకో పని చెప్తాను, ఎవరితోనూ అనకు. ఈ డబ్బా కూడా నువ్వే..."

తుమ్ములమ్మకి మొదట అర్థం కాలేదు. అయ్యాక పొట్ట పట్టుకుని నవ్వింది. "రెండూ నేనే నింపాలా? ఇంకా నయం, వంటాయనది కూడా నన్నే నింపమన్నారు కాదు!"

"నోర్ముయ్యవే. చేస్తావా, చెయ్యవా?"

"చేస్తాలెండి. అయినా అదేమన్నా మీకు లేనిదీ, నాకొక్కదానికే ఉన్నదీనా?"

రిపోర్టులు వచ్చాయి. ముగ్గురిలో ఎవరికీ ఏమీ లేదు. పిన్ని ఊపిరి పీల్చుకుంది. ఆ వారమే ఇంకో ఇద్దరు పిల్లలు మంచమెక్కారు. ఇన్‌స్పెక్టరమ్మ తల పట్టుకుని వంటింటి స్టూలు మీద కూర్చుంది.

"ఎక్కడో తేడా ఉంది పిన్నిగారూ. ఎప్పుడో చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గిపోయినవాళ్ళలో కొందరికి ఆ క్రిమి పిత్తాశయంలో అలాగే ఉండిపోతుంది. వాళ్ళకి జ్వరముండదు, నొప్పుండదు, రాయిలా తిరుగుతారు. మలంలో మాత్రం అది పోతూ ఉంటుంది. బాత్రూంకి వెళ్ళొచ్చి సబ్బుతో కడుక్కోకపోతే చేతికి అంటుకునే ఉంటుంది. వండినదాంట్లో పడితే మంటకి చస్తుంది, పచ్చివాటిలో పడితే తిన్నవాళ్ళ పని అంతే. మీ ముగ్గురిలో ఎవరికైనా ఎప్పుడైనా పెద్ద జ్వరం వచ్చిందా?"

వచ్చింది. పెళ్ళికి ముందు పిన్ని నెల్లాళ్ళు మంచంలో ఉంది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చింది. బతుకుతుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

"నాకు జలుబు కూడా రాదమ్మా," అంది పిన్ని.

ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. నోరు దానంతటదే అబద్ధమాడింది. పక్కనే ఉన్న ఓనరమ్మ ఇక పరీక్షలూ గిరీక్షలూ అక్కర్లేదంది. "ఆ తుమ్ములమ్మ ముక్కు చూస్తే తెలియడం లేదూ? దాన్ని రేపట్నుంచి రావద్దనండి." తుమ్ములమ్మ పిన్ని వంక చూసింది. పిన్ని పొయ్యి వంక చూసింది. తుమ్ములమ్మ భుజానికి ముక్కు తుడుచుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి కూడా పచ్చిముక్కలు కలిపింది పిన్నే. మానేస్తే ఎందుకని అడుగుతారు. కలుపుతూ తన వేళ్ళ వంక చూసుకుంది. గోళ్ళు కత్తిరించి ఉన్నాయి, తెల్లగా ఉన్నాయి, ఎక్కడా మరక లేదు. అయినా ఆ గిన్నెలోంచి ఎప్పుడూ రాని వాసనేదో వస్తున్నట్టనిపించింది. నిమ్మకాయది కాదు, ఉల్లిపాయది కాదు. బాత్రూంలోకి పరిగెత్తి మగ్గులకు మగ్గులు నీళ్ళు పోసుకుంది. ఎదురుగా ఆ సబ్బు ఉంది. చెయ్యి దానిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. ఛీ, ఎంత మొండి అసహ్యం అది! మనిషిని లోపల్నుంచి తినేస్తున్నా పైకి శుభ్రత అనే పేరు పెట్టుకుని తిరుగుతుంది. వంటింట్లోకి తిరిగొచ్చి, గిన్నెడు ముక్కలూ చెత్తబుట్టలో బోర్లించి, కీరా చేదొచ్చిందని పిల్లలకి చెప్పింది.

రెండు రోజుల తర్వాత డాక్టరు పిల్లకి మెత్తటి అన్నం పెట్టొచ్చన్నాడు. ఆస్పత్రి అన్నం, ఆ సొట్టల పళ్ళెం చూస్తే పిన్నికి కంపరం. తనే మెత్తగా వండి, పెరుగు పోసి, చేత్తో కలిపి డబ్బాలో పట్టుకెళ్ళింది. వార్డంతా మూత్రం వాసన, మందుల వాసన. అక్క కూతురి మంచం దగ్గర తుమ్ములమ్మ ఉంది. పాడైన దుప్పటి ముద్దగా చుట్టి తీసి, పిల్ల ఒళ్ళు తడిగుడ్డతో తుడిచి, ఉతికిన దుప్పటి పరుస్తోంది. ఆ కంపుకి పిన్ని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తుమ్ములమ్మ ముక్కు మాత్రం ఎప్పట్లా కారుతూనే ఉంది.

"పని లేదుగా, పిల్ల దగ్గర కూర్చుందామని వచ్చాను," అంది తుమ్ములమ్మ. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉంటే బావుండేది. లేదు.

పిల్ల ఎముకల పోగై ఉంది. డబ్బా చూడగానే దాని కళ్ళు వెలిగాయి. "పిన్నీ, నీ చేత్తో పెట్టు. ఇక్కడి తిండి గొంతు దిగట్లేదు."

నర్సు వెళ్తూ వెళ్తూ హెచ్చరించింది. "కొంచెమే పెట్టండమ్మా. ఇంకోసారి ఈ రోగం తిరగబెడితే ఆ పేగు తట్టుకోదు."

పిన్ని ముద్ద చేసింది. పిల్ల నోరు తెరిచింది. పూతపట్టిన నాలుక, పగిలిన పెదవులు. పిన్ని చెయ్యి సగం దారిలో ఆగిపోయింది.

"ఏమైంది పిన్నీ?"

"వద్దే. ఇది తినకు."

"ఎందుకు?"

"ఆ పరీక్షకి నేనిచ్చింది నాది కాదు, తుమ్ములమ్మని అడిగి నింపించుకున్నాను. నాకు పెళ్ళికి ముందు ఆ జ్వరం వచ్చింది. చేతులు నేను సబ్బుతో కడుక్కోనే కడుక్కోను. ముక్కలు కలిపింది నేను, ఇది కలిపిందీ నేనే."

పిల్లకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. దాని చూపు పిన్ని మొహం మీంచి వేళ్ళ మీదికి జారింది, వేళ్ళకంటిన మెతుకుల మీద ఆగింది. తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది. ముక్కు చిట్లింది, పై పెదవి ముడుచుకుంది. ఆ పిల్ల తల దిండులోకి వెనక్కి జరుపుకుని, మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ చూపు పిన్నికి కొత్త కాదు. ఇన్నేళ్ళూ ఎందరి మీదో తను పారేసినదే. ఎదురుగా నిలబడి చూడ్డం మాత్రం ఇదే మొదలు. చెయ్యి ఎక్కడ దాచుకోవాలో ఆవిడకి తెలియలేదు.

తుమ్ములమ్మ లేచి ఆ డబ్బా అందుకుని, అన్నం చెత్తబుట్టలో వొంపింది. "నేను ఇక్కడి అన్నమే తెస్తాలెండి," అంది.

"ముందు ఓనరమ్మకి ఫోన్ కలుపు. రేపట్నుంచి నువ్వు పనిలోకి రావాలి, నేను కాదు. ఆ ముక్క నా నోటితోనే చెప్తాను," అంది పిన్ని. తర్వాత వార్డు చివర బల్ల దగ్గరున్న నర్సు దగ్గరికి నడిచింది. చుట్టూ రోగులు, వాళ్ళ చుట్టాలు, అందరూ వింటున్నారు.

"అమ్మా, మలం పరీక్షకి ఒక డబ్బా ఇప్పించు," అంది పిన్ని. "నాదే. ఈసారి నేనే పెట్టి ఇస్తాను."