ఏడవని పిల్లలకే సీటు

మా స్కూల్లో ఆరో తరగతి సీటు ఎలా ఇస్తారని ఎవరైనా అడిగితే, ఎంట్రన్స్ ఉంటుంది, తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది, రెండూ చూసి ఇస్తాం అని చెబుతాను. పెళ్ళిళ్ళలో అడుగుతారు, బస్సులో అడుగుతారు, చర్చి మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటుంటే అడుగుతారు. అందరికీ అదే జవాబు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే అసలు సంగతి అందులో లేదు.

మాది ఏలూరులో ఆడపిల్లల హైస్కూలు, హాస్టలుతో కలిపి. మిషన్ కాలం నాటి బంగళా, చుట్టూ పొడవాటి వరండా, ముందు పెద్ద ఇనుప గేటు. నేను లెక్కలు చెబుతాను. వేసవి మొదలయ్యే వేళకి మాత్రం లెక్కలు పక్కన పెట్టి సెలెక్షన్ కమిటీలో కూర్చుంటాను. కమిటీ అంటే పెద్ద మాటేమీ కాదు. పెద్ద మేడంగారు, హాస్టల్ వార్డెన్, నేను.

ఎంట్రన్స్‌తో సగం పని అయిపోతుంది. ఆ తర్వాతే ఇబ్బంది. మిగిలిన పిల్లలంతా ఇంచుమించు ఒకే మార్కుల దగ్గర ఉంటారు, సీట్లేమో వాళ్ళలో సగం మందికే. భిన్నాల లెక్క ఇద్దరూ చేశాక ఎవరు గొప్పో నేను చెప్పలేను. అందుకని వాళ్ళందరినీ ఒక శనివారం రమ్మంటాం. ఉత్తరంలో దాని పేరు పరిచయ కార్యక్రమం. మాలో మేం గేటు రోజు అనుకుంటాం.

పొద్దున్నే పిల్లలు ఇంట్లోవాళ్ళతో వస్తారు. ఒక్కొక్కరినీ పిలిచి పాఠం చదివిస్తాం, నాలుగు మాటలు మాట్లాడిస్తాం. మధ్యాహ్నం అందరికీ హాస్టల్ భోజనం పెడతాం. భోజనాలయ్యాక పెద్దవాళ్ళని బయట షెడ్డులో కూర్చోమని పంపేసి గేటు వేస్తాం. సాయంత్రం దాకా తియ్యం. పిల్లలు వరండాలో ఉంటారు, మేం వాళ్ళని చూస్తూ ఉంటాం. ఎవరు ఏడుస్తున్నారు, ఎంతసేపు ఏడుస్తున్నారు, వాళ్ళంతట వాళ్ళే ఊరుకున్నారా లేదా. సీటు అక్కడ తేలుతుంది.

ఈ పద్ధతి నేను పెట్టింది కాదు. నాకంటే చాలా ముందు నుంచీ ఉంది. వర్షాలు మొదలవగానే పిల్లలు ఇంటి మీద బెంగ పెట్టుకుని జ్వరాలు తెచ్చుకునేవారట. తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్ళిపోయేవారట. ఆ మంచం ఏడాదంతా ఖాళీ. దాని కోసం ఎదురు చూసిన ఇంకో పిల్ల ఎక్కడో ఏదో బడిలో చేరిపోయి ఉండేది. అప్పటి పెద్ద మేడంగారు ఆలోచించి ఆలోచించి ఈ గేటు కనిపెట్టారు. ఇప్పటి పెద్ద మేడంగారు కూడా అదే మాట అంటారు: "ఏడ్చే పిల్ల నిలవదమ్మా." మంచాలు ఖాళీ పడటం తగ్గిందన్నది నిజమే. కాబట్టి వాదించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

నేనూ ఆ గేటులోంచి వచ్చినదాన్నే. పెదపాడు దగ్గర పల్లె మాది. ఆ రోజు ఏడవలేదు, సీటు వచ్చింది. మా నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయించాను, టీలు పంపించాను, పాస్టరుగారికి ఫోన్ చేశాను. ఎంత నిబ్బరమో అన్నారు చుట్టాలు. నిబ్బరం కాదు, లోపల ఏమీ అనిపించలేదు. "నిన్ను మీ స్కూలు వాళ్ళు ఏరి మరీ తీసుకున్నారు" అని మా ఆయన ఆటపట్టిస్తూ ఉంటారు. నేను నవ్వుతాను. నవ్వాలి కాబట్టి.

ఇలాంటివి దాగవు కదా. గేటు సంగతి బయటికి పొక్కింది. తాడేపల్లిగూడెంలో ఒక కోచింగ్ సెంటరు ఉంది, మా ఎంట్రన్స్‌కి పిల్లల్ని తయారు చేస్తారు. అక్కడ ఇంగ్లీషు, లెక్కలు అయ్యాక ఏడవకుండా ఉండటం కూడా నేర్పుతున్నారని మాకు తెలిసింది. చెప్పింది జంగారెడ్డిగూడెం పిల్ల ఒకతి. వరండాలో స్తంభం పక్కన నిలబడి పెదాలు కదుపుతుంటే ప్రార్థన చేసుకుంటోంది కాబోలు అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి అడిగితే, "పదమూడో ఎక్కమండీ, కింద నుంచి పైకి. ఏడుపొస్తే అది చదువుకోమన్నారండీ మా సార్" అంది. తప్పు చదువుతోంది కూడా. సరిచేశాను. ఆ తర్వాత చూస్తే వరండాలో సగం పెదాలు కదులుతున్నాయి. దీన్ని కమిటీలో పెడితే పెద్ద మేడంగారు కాసేపు ఆలోచించి, "కష్టమొస్తే ఎక్కం చదువుకునే పిల్ల హాస్టల్లో నిలుస్తుంది కదమ్మా" అన్నారు. వాళ్ళందరికీ సీట్లు ఇచ్చాం.

నేను చెప్పదలుచుకున్న పిల్ల కోచింగ్‌కి వెళ్ళింది కాదు. అదే గేటు రోజున కొల్లేటికోట నుంచి మామ్మతో వచ్చింది. సన్నగా, పొట్టిగా, నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలు. స్కూల్లో భోజనం పెడతారో లేదో అని ఆ మామ్మ స్టీలు క్యారియరులో అన్నం, చేపల పులుసు తెచ్చింది. ఆఫీసు గదిలోకి వచ్చేసరికి పులుసు వాసన వాళ్ళకంటే ముందు వచ్చింది. వార్డెన్ ముక్కు చిట్లించింది. నాకు ఆకలేసింది.

పాఠం బాగా చదివింది. పెద్ద మేడంగారు మామూలుగా అడిగే ప్రశ్నే అడిగారు. "మీ ఊళ్ళో బడి ఉంది కదమ్మా, ఇక్కడ హాస్టల్లో ఎందుకు ఉండాలని?"

"బడి ఉందండి. ఇంట్లోనే ఎవరూ ఉండరండి" అంది.

తల్లి అంతకు ముందు ఏడు పోయిందట. తండ్రి చేపల చెరువులకి కాపలా. చెరువు గట్టు మీద మకాంలోనే ఉంటాడు, అంటే రేకులు కప్పిన ఒంటి గది. ఇంటికి రావడం ఎప్పుడో గానీ కుదరదు. మామ్మకి గుండె జబ్బు. ఆవిడ కూతురు ఆవిడని తీసుకెళ్ళి తన దగ్గర పెట్టుకుంటానంటోంది గానీ అల్లుడు ఇద్దర్ని రానివ్వడు. "ఈ సీటు రాకపోతే దీన్ని వాళ్ళ నాన్న దగ్గర మకాంకే పంపాలండి. అక్కడంతా మగోళ్ళేనండి. రాత్రుళ్ళు తాగుతారండి" అని మామ్మ గొంతు తగ్గించి చెప్పింది. పిల్ల గోడ మీద పటం కేసి చూస్తోంది. అన్నీ వింటోందని నాకు తెలుసు.

గేటు వేశాం. ఎప్పటిలాగే గోల మొదలైంది. ఒకతి గేటు ఊచలు పట్టుకుని వేలాడింది. ఒకతి అన్నం తిన్నదంతా కక్కేసుకుంది. తాడేపల్లిగూడెం బ్యాచి స్తంభాల పక్కన చేరి ఎక్కాలు అందుకున్నారు. ఈ పిల్ల మాత్రం గేటుకి కొంచెం ఎడంగా నిలబడి, మామ్మ షెడ్డులోకి వెళ్ళేదాకా చూసి, వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. పెదాలు కదలడం లేదు. కళ్ళు పొడిగా ఉన్నాయి. వార్డెన్ తన పేపరు మీద ఏదో రాసి నా కేసి తల ఊపింది.

నాకు ఎక్కడో తేడాగా అనిపించింది. ఏడవని పిల్లలు ఏదో ఒకటి చేస్తారు. మంచినీళ్ళకి వెళతారు, పక్కదాని రిబ్బను చూస్తారు, చీమల్ని తొక్కుతారు. ఈ పిల్ల కదల్లేదు. నన్నే చూస్తూ కూర్చుంది. నేను తనని చూస్తున్నానా లేదా అని చూస్తోంది.

కాసేపటికి మంచినీళ్ళ కేను అయిపోయిందని షెడ్డులోంచి కబురొస్తే, ఇంకోటి పెట్టించడానికి బయటికి వెళ్ళాను. మామ్మ నన్ను చూసి లేచి వచ్చింది.

"ఏవండీ మేడంగారండీ, మా పిల్ల ఏడిసిందాండీ?"

"లేదు మామ్మగారూ."

ఆవిడ మొహం చాటంత అయింది. పక్కనున్న వాళ్ళ వైపు తిరిగి, "చెప్పానా" అన్నట్టు చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

"కిందటేడు మా ఊరి పిల్ల ఒకత్తి ఏడిసిందని సీటు ఇయ్యలేదంటండి మీరు. అది తెలిసిన కాణ్ణుంచీ దీనికి నేర్పానండి. వాళ్ళమ్మ పోయిన కాణ్ణుంచీ రోజూ ఒకటే ఏడుపండి ఇది. పొద్దుగూకితే చాలు, ఆపేది కాదండి."

"ఎలా నేర్పారండీ?"

"గట్టు మీద నిలబెట్టి నేను దోనె ఎక్కి ఎళ్ళిపోయేదాన్నండి. ఏడిస్తే ఇంక రానని చెప్పేదాన్నండి. మొదట్లో గొంతు చించుకునేదండి పాపం. నేను తుంగ సాటున దోనె ఆపుకుని ఇంటా ఉండేదాన్ని. ఏడుపు ఆగాకే తిరిగొచ్చేదాన్నండి. ఓ రోజు ఎంతసేపు ఏడిసిందంటే, నాకే గుండె పట్టేసినట్టయ్యిందండి. అయినా కదల్లేదండి నేను. ఇప్పుడు సూడండి, చుక్క రాదండి."

ఆవిడ గర్వంగానే చెప్పింది. చెబుతూ చెబుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను మంచినీళ్ళ కేను పెట్టించి లోపలికి వచ్చేశాను. కిందటేడు ఏడ్చిన ఆ ఊరి పిల్లని గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక కమిటీ కూర్చుంది. ఆ పిల్ల వంతు వచ్చేసరికి, ఒక మాట చెప్పాలండీ అన్నాను. దోనె సంగతి అంతా చెప్పాను. చెబుతుంటే నా గొంతు పైకి లేచింది, నాకే ఆశ్చర్యం వేసింది. పెద్ద మేడంగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అయితే తీసేద్దామంటావా అమ్మా?"

నేను అలా అనడానికి నోరు తెరవలేదు. కానీ నేను మొదలుపెట్టిన మాట వెళ్ళి ఆగేది అక్కడే. మకాం, ఆ ఒంటి గది, రాత్రుళ్ళు తాగే మగవాళ్ళు.

"లేదండీ. తీసెయ్యొద్దు."

"మరి?"

వార్డెన్ అందుకుంది. "గూడెంలో సార్ నేర్పితే పరవాలేదు గానీ మామ్మ నేర్పితే తప్పా అండీ?"

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అందుకే ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో తేల్చుకోలేకపోయాను. వార్డెన్ మీద కాదు, ఆ మామ్మ మీద అసలే కాదు. ఈ గేటు పరీక్షే తీసేద్దామండీ అన్నాను చివరికి. "తీసేసి ఏం పెడదాం?" అన్నారు పెద్ద మేడంగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. నేను ఆ పిల్ల పేపరు ఆవిడ ముందుకి జరిపాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నారు. కొల్లేటికోట పిల్లకి సీటు వచ్చింది.

స్కూళ్ళు తెరిచాక పిల్లల్ని దింపే రోజు వచ్చింది. ట్రంకు పెట్టెలు, బకెట్లు, దిండ్లు, వరండా అంతా సంతలా ఉంది. ఆ రోజు మేం ఎవరినీ చూడం, ఏదీ రాసుకోం. పిల్లలకి ఆ సంగతి ఎలాగో తెలిసిపోతుంది. గేటు పడగానే అందరూ ఒక్కసారి ఎత్తుకుంటారు. ఎక్కాల పిల్లలు కూడా ఎక్కాలు గాలికొదిలేసి అమ్మా అమ్మా అని నేల మీద పడి దొర్లుతారు. జంగారెడ్డిగూడెం పిల్ల అయితే ఇద్దరు ఆయాలు పట్టుకున్నా ఆగలేదు.

మామ్మ వెళుతూ వెళుతూ పిల్ల తల నిమిరి, నాకు దణ్ణం పెట్టి, ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా పిల్ల గేటు దగ్గరే నిలబడింది. తర్వాత నేనున్న చోటికి వచ్చింది.

"మేడంగారండీ, సీటు ఇచ్చేసినట్టేనాండీ?"

"ఇచ్చేశాం."

"మళ్ళీ వెనక్కి తీసుకోరాండీ?"

"తీసుకోం. ఎందుకు తీసుకుంటాం?"

ఒకసారి వార్డెన్ ఎక్కడుందో చూసింది. దూరంగా ఉంది.

"అయితే ఇప్పుడు ఏడవచ్చాండీ?"

వంగి, ఏడువమ్మా అన్నాను. నీ ఇష్టం వచ్చినంతసేపు ఏడువు, ఎవరూ ఏమీ అనరు అన్నాను. తలూపింది. పుస్తకాల సంచి భుజం మీంచి తీసి జాగ్రత్తగా గోడకి ఆనించి పెట్టింది. నిటారుగా నిలబడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది, మొహమంతా ముడుచుకుంది, నోరు తెరిచింది. చుట్టూ పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. నేను ఆగాను. ఆమె ఊపిరి బిగబట్టింది, వదిలింది, మళ్ళీ బిగబట్టింది.

కళ్ళు తెరిచింది. పొడిగా ఉన్నాయి.

"రావట్లేదండి" అంది. లెక్క చెయ్యలేకపోయిన పిల్లలు నా బల్ల దగ్గరికి వచ్చి అదే గొంతుతో చెబుతారు.

"పరవాలేదులే, తర్వాత వస్తుంది" అన్నాను.

"ఎప్పుడొస్తుందండీ?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నా మొహం కేసి చూస్తూ నిలబడింది. తెలియదమ్మా అన్నాను.