ఇప్పచెట్టు కింద సిగ్నల్

నాకు అనుమానం ఎక్కువ. ఇంట్లో తిట్లు తినిపించిన ఆ గుణమే నాకు ఉద్యోగంలో అన్నం పెడుతోంది. ఆకాశంలో ఎక్కడో గామా కిరణాలు ఒక్కసారి భగ్గుమని ఆరిపోతాయి. ఆ చోట కొంతసేపు మిగిలే మసక వెలుగును పట్టుకుని చదవడం నా పని. ఫొటోలో కొత్త చుక్క కనబడగానే మావాళ్లు సంబరపడతారు. నేను పడను. అది పాత నక్షత్రం కావచ్చు, దారిన పోయే గ్రహశకలం కావచ్చు. రెండో ఫొటోలో మసకబారితేనే నమ్ముతాను.

పోయిన ఎండాకాలం మొదట్లో పినపాక అవతల, అడవి పక్క ఊళ్లో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. మర్నాడు తెల్లవారుజామున సముద్రాల అవతలి టెలిస్కోపు అలాంటి చుక్క ఒకటి ఫొటో తీసింది. మళ్లీ తియ్యాలో వద్దో నేనే వెంటనే చెప్పాలి. అక్కడ తెల్లారిపోతే ఆ వెలుగు ఇక దొరకదు. పెద్దమ్మ ఇంట్లో సిగ్నల్ సరిగ్గా లేదు. బ్యాగు భుజాన వేసుకుని వెతుక్కుంటూ పోతే ఊరి చివర ఇప్పచెట్టు కింద రెండు గీతలు కనిపించాయి.

అడవి చెట్టు ఎవరిదీ కాదనుకున్నాను. మణుగూరు గనుల క్వార్టర్లలో పెరిగినదాన్ని. ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో ఇంటిదని, దాని కింద రాలిన పువ్వు ఆ ఇంటివాళ్లే ఏరి ఎండబెట్టి అమ్ముకుంటారని, వేరేవాళ్లు ముట్టరని నాకు తెలియదు. పువ్వు ఏరుకోవడానికి వీలుగా కింద ఆకులన్నీ కాల్చి పెట్టారు. ఆ బూడిదలో అటూ ఇటూ తిరుగుతూ, మరో ఫొటో తియ్యమని మెసేజ్ పంపాను.

వెలుతురు వచ్చేసరికి చెట్టుగలామె బుట్టతో వచ్చింది. రాత్రంతా రాలాల్సిన పువ్వు నేల మీద పలచగా ఉంది. బూడిద నిండా నా చెప్పుల గుర్తులే.

"పువ్వేది?"

"నేను ముట్టలే అత్తా. ఫోన్ కోసం వచ్చిన."

"ఫోన్ కోసం గింత పొద్దుగాల ఎవరొస్తరు? ఆ బ్యాగు ఇప్పు."

నాకు ఒళ్లు మండింది. విప్పనన్నాను. ఏ దుప్పో మేసిపోయిందని నా అనుమానం. దాని అడుగులు ఉన్నా, వాటిని నేనే తొక్కేసి ఉంటాను. అప్పుడే రెండో ఫొటో వచ్చింది. చుక్క బాగా మసకబారింది. ఎగిరి గంతెయ్యాల్సినదాన్ని, దొంగలా నిలబడ్డాను.

ఆమె నేరుగా పెద్దమ్మ దగ్గరికి నడిచింది. ఇద్దరూ రోజూ కలిసే అడవికి పోతారు. ఆ తోడు లేకపోతే ఒంటరి పెద్దమ్మకు గడవదు. అందుకే భయపడుతూ వెనకే వెళ్లాను.

పెద్దమ్మ నన్ను ఒక్క మాట అడగలేదు. వాకిట్లో ఆరబోసుకున్న తన పువ్వునే చాటతో ఎత్తి, ఆమె బుట్ట నింపి పంపింది. నాకు ఏడుపొచ్చింది. బ్యాగు అక్కడే బోర్లించాను. ఛార్జరు, నీళ్ల సీసా, రుమాలు పడ్డాయి.

"చూడు పెద్దమ్మా, నేను తియ్యలే."

ఆమె వాటివైపు చూడనైనా లేదు. నన్ను లోపలికి తీసుకుపోయి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"పోనీ తియ్ బిడ్డా, తెల్వక చేసినవ్. యాడ పెట్టినవో చెప్పు. మూట కట్టి ఉంచితే బూజు పడ్తది."