నూతి పక్క చెట్టు

డెబ్బైల్లో, రాజోలు దగ్గర మా ఊరి హైస్కూల్లో మా నాన్నగారు లెక్కలు చెప్పేవారు. ఆదివారం గుడి నుంచి, అంటే చర్చి నుంచి, రాగానే తెల్లచొక్కా విప్పేసి కొబ్బరితోటలోకి దిగేవారు. చెట్ల మధ్య కుండలు మూతి దాకా పాతి, నీళ్లలో కలిపిన ఆముదం పిండి పోసి ఉంచేవారు. ఆ కుళ్లు వాసనకి కొమ్ముపురుగులొచ్చి పడేవి. ఎన్ని పడ్డాయో చూసుకుంటే, వాటి తాకిడి పెరిగిందో తగ్గిందో తెలిసేది. నాకు అన్నంలో కూడా అదే కంపు కొట్టేది. ఇప్పుడా కంపు ఎక్కడ తగిలినా ఆగి మరీ పీలుస్తాను, నవ్వితే నవ్వండి.

ఆ తర్వాత ఒక్కో మానుకీ చెవి ఆనించేవారు. ఎర్రముక్కు పురుగు పిల్లలు లోపల తొలుస్తుంటే కరకరమని వినిపిస్తుంది.

"నా మాట ఒక్కటీ వినరు గానీ, చెట్లు చెప్పేవన్నీ వింటారు," అని అమ్మ దెప్పేది.

నూతి పక్క చెట్టు అమ్మ స్వయంగా నాటింది. బియ్యం కడిగిన నీళ్లు పోసి పెంచింది. పంటలో తొలిభాగం దేవుడికిచ్చే కోతపండగకి, దాని తొలిగెల గుడిలో ఇస్తానని దేవుడికి మాటిచ్చింది. ఒక ఏడు చెట్టు గెల వేసింది. అమ్మ ఆనందం పట్టలేక ఊరంతా చెప్పుకొచ్చింది. కాయలు పిడికిలంతయ్యాయో లేదో, ఒక ఆదివారం నాన్నగారు ఆ చెట్టుకి ఆనించిన చెవి ఎంతకీ తియ్యలేదు.

"ఏవండీ?" అంది అమ్మ.

"లోపల తింటన్నాయి. మందు పొయ్యాలి."

పోస్తే ఆ గెల ఎవరూ తినకూడదు. పొయ్యకపోతే చెట్టే ఉండదు. అమ్మ నూతిగట్టు మీద కూలబడి ఏడ్చింది. చివరికి కొంగుతో మొహం తుడుచుకుని, "పొయ్యండి. మాటిచ్చింది నేను, చెట్టు కాదు కదా," అంది.

నాన్నగారు మానుకి ఏటవాలుగా బెజ్జం పెట్టి, మందు పోసి, బంకమట్టితో మూసేరు. గెల దించి తోట చివర పాతిపెట్టేరు. కొన్ని వారాలకి మళ్లీ చెవి ఆనించి చూసి, "ఆయ్, చప్పుడు లేదు," అన్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అమ్మ మాత్రం నవ్వలేదు.

కోతపండగ రోజు అందరూ గుమ్మడికాయలూ, కోళ్లూ, అరటిగెలలూ తెచ్చేరు. అమ్మ ఆ చెట్టు మట్టల ఈనెలు తీసి కట్టిన చీపురు కొంగుచాటున తెచ్చి, అన్నిటికీ వెనకాల పెట్టింది. తెచ్చినవాటికి వేలంపాట మొదలయ్యాక చీపురు వంతు వచ్చింది. నాన్నగారు పాడేరు. ఎవరూ పోటీ రాలేదు. మళ్లీ పాడేరు. ఇంకా పెంచేరు.

"మాస్టారూ, మీ పాట మీద మీరే పాడతన్నారండీ," అన్నారు సంఘపెద్దగారు. గుడంతా ఒకటే నవ్వు.

"ఆయ్, తెలుసండి. కానివ్వండి," అన్నారు లెక్కల మాస్టారు.

ఎప్పుడూ నాన్నగారి వెనకే నడిచే అమ్మ, ఆ రోజు చీపురు చంకలో పెట్టుకుని ఆయన పక్కనే నడిచింది. వాళ్లిద్దరి వెనకాల నేను నడిచిన ఆ దారి కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది.