సిగ్నల్ అందని ఊళ్ళో మారిన జవాబు

ఈ రోజు కర్లపాలెం దగ్గర ఒక ఊళ్ళో ఫోన్‌తో సర్వే చేశాను. అక్కడ సిగ్నల్ ఉండదు. జవాబులు ఫోన్‌లోనే ఉండి, సిగ్నల్ తగలగానే ఆఫీసుకు వెళ్ళిపోతాయి.

ఒకింట్లో కోడలిని, "మీ ఆయన ఎప్పుడైనా చెయ్యి చేసుకుంటారా?" అని అడిగాను. అత్తగారు మినుములు చెరుగుతూ పక్కనే కూర్చున్నారు.

"లేదండి," అంది.

నేను రోడ్డెక్కేసరికి ఆ అమ్మాయి ఖాళీ బిందెతో వెనకే వచ్చింది.

"నేను చెప్పింది వెళ్ళిపోయిందా అక్కా?"

"ఇంకా లేదమ్మా. బాపట్ల చేరాక వెళ్తుంది."

"అయితే ఆ ఒక్కటి మాత్రం అవునని మార్చండి."

మార్చాను.

సిగ్నల్ లేదని రోజూ విసుక్కుంటాను. ఈ రోజు విసుక్కోలేదు. సిగ్నల్ బాగున్న ఊళ్ళ నుంచి అప్పటికప్పుడే వెళ్ళిపోయిన 'లేదండి'లలో ఎన్ని నిజమో, మీరెవరైనా చెప్పగలరా?