జామీను తీరినా తీరని కోత

ఉద్దానం నుంచి కొబ్బరినూనె కుండలతో పలాస స్టేషనుకు వెళ్తుంటే మా నాన్న బండి ఒకసారి బోల్తా పడి కుండలన్నీ పగిలాయి. ఆనాటి నుంచి మూడేళ్ల గడువు పెట్టి, మా మేనమామ జామీను ఉంటే తప్ప షావుకారు సరుకు ఎత్తనిచ్చేవాడు కాదట. పైగా, కుండలు పగులుతాయన్న పేరుతో నాన్న కిరాయిలో అందరికన్నా రెట్టింపు కోసేవాడట. ఆ మూడేళ్లలో ఒక్క కుండ కూడా చిట్లలేదు. గడువు తీరిన రోజు నాన్న ఎడ్లను కడిగి, కొమ్ములకు నూనె రాసి మరీ షావుకారు దగ్గరికి వెళ్లాడని అమ్మ చెప్పేది.

"గడువైపోనాది గదా బాబూ, ఇంకా ఈ కోత ఏటి?" అని అడిగాడట నాన్న.

"జామీనొద్దన్నాను గానీ, కోత తగ్గిత్తానన్నానేటి?" అన్నాడట షావుకారు.

నాన్న పోయాక కొత్త బండి, కొత్త ఎడ్లు కొనుక్కుని నేను వెళ్లాను. అప్పటికి షావుకారు కొడుకు పెత్తనం చేస్తున్నాడు. తలెత్తి నా మొహమైనా చూడలేదు.

"బోల్తా బండోడి కొడుకువా? మీకు కోత రెట్టింపు."

ఆ కుండలు పగిలేనాటికి నేనూ పుట్టలేదు, వాడూ పుట్టలేదు.