ఊరి పేరు దగ్గర ఖాళీ

ఎస్తేర్‌కు కోపం వస్తే గొంతు లేవదు, మాట తగ్గిపోతుంది. ఆ ఎండాకాలమంతా ఆమె అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఎల్లారెడ్డికి కొద్ది దూరంలో ఉన్న ఒక ఊళ్లో ఆమె పల్లె దవాఖాన నర్సు. తండ్రి యాకూబు రైసుమిల్లులో కాపలా కాస్తాడు. తల్లి ఈరవ్వ ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టింది. తల్లి ఒళ్లోని తంబాకు చాట పక్కనే కూర్చుని చదివి, నర్సింగ్ డిగ్రీ పాసై, ఎస్తేర్ ఈ కొలువులో చేరి నాలుగేళ్లు.

అదే ఊళ్లో అంజవ్వ అని ఒకామె ఉండేది. ఆమెదీ బీడీల పనే. దగ్గు పట్టుకుని దీపావళి తరువాత మొదటిసారి దవాఖానకు వచ్చింది. ఎస్తేర్ దగ్గు మందు సీసా ఇచ్చి, మూతికి గుడ్డ కట్టుకుని పని చేసుకొమ్మంది. నెల తిరక్కుండా అంజవ్వ మళ్లీ వచ్చింది.

"గుడ్డ కట్టుకోమన్న గదా అవ్వా?"

"ఫ్యాను బందు వెట్టుకొని చుడుతం బిడ్డా. గాలి తాకితే తంబాకు లేస్తది, ఆకు ఎగురుతది. గా ఉడుకుల మూతికి గుడ్డ గూడ గట్టుకుంటే పానం పోదా?"

ఎస్తేర్ వింది. విని, అంజవ్వ కార్డు మీద 'సూచనలు పాటించడం లేదు, అవగాహన లోపం' అని రాసి, ఇంకో సీసా ఇచ్చి పంపింది. ఇట్లా నాలుగుసార్లు జరిగింది.

మార్చిలో అంజవ్వకు తెమడలో నెత్తురు పడింది. కొడుకు లక్ష్మణ్ ఆటోలో కామారెడ్డి తీసుకుపోయి ఎక్స్‌రే తీయిస్తే క్షయ అని తేలింది. ఒక ఊపిరితిత్తి సగం తినేసింది.

మర్నాడు పొద్దున్నే అంజవ్వ కోడలు రాజశ్రీ దవాఖాన గడపలో నిలబడింది. సరిహద్దున డోంగ్లి వైపు ఊరి నుంచి కోడలిగా వచ్చిన పిల్ల. ఎన్నడూ తల ఎత్తి మాట్లాడింది లేదు. ఆ రోజు మాత్రం చేతిలోని కామారెడ్డి డాక్టరు చీటీ ఎస్తేర్ బల్ల మీద పడేసింది.

"రెండు వారాలు దాటి దగ్గితే తెమడ పరీక్ష చెయ్యాలని కామారెడ్డిల డాక్టరు చెప్పిండు. నీ గోడ మీద గూడ గదే రాసున్నది. నాలుగు నెలలు మా అత్త నీ ముంగట దగ్గింది. ఒక్కసారన్న పరీక్ష రాసినవా, సిస్టర్?"

ఎస్తేర్ గోడ వైపు తిరిగింది. గోడ మీది కాగితం ఆమె చేత్తో అంటించిందే.

ఆమెకు తన మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. పరీక్ష రాయకపోవడం ఒక తప్పు. దాన్ని మించింది ఇంకొకటి ఉంది. తన ఇంట్లోనూ మే నెలలో ఫ్యాను ఆగే ఉండేది. తల్లి వీపు మీది చెమటను తాను విసనకర్రతో ఆరబెట్టేది, అదీ తంబాకు లేవకుండా మెల్లగా. అంత తెలిసిన మనిషి కార్డు మీద ఆ మాట ఎట్లా రాసింది? ఎవరు నేర్పారు?

నెలవారీ మీటింగులో సూపర్‌వైజర్ మహేందర్ క్షయ అవగాహన కార్యక్రమం ఫోటోలు అడిగాడు. ఎస్తేర్ లేచి నిలబడింది.

"సార్, బీడీలు చుట్టేటోళ్లు మాస్కు ఎందుకు పెట్టుకోరో ఎవరన్న అడిగిన్రా? అడిగితే రాసుకునే జాగ మన ఫారంల ఉన్నదా?"

"మేడం, అది మన రిపోర్టుల లేదు. బ్యానర్ కనిపిచ్చేటట్టు రెండు ఫోటోలు పంపుండ్రి, చాలు."

ఆమె కూర్చుంది. పక్కనున్న వాళ్లు నవ్వుకున్నారు. ఆ క్షణాన్నే చదువుకోవాలని ఆమె గట్టిగా అనుకుంది. మందులిచ్చే చదువు కాదు. జనం ఎందుకు జబ్బు పడతారో, ఆరోగ్యంగా ఉండనీకుండా అడ్డం పడుతున్నదేమిటో తెలుసుకుని, దాన్ని మార్చడం నేర్పే చదువు. ప్రజారోగ్యంలో, ఆరోగ్య ప్రోత్సాహంలో పీజీలు ఉన్నాయని వినడమే గాని, ఏది ఎక్కడ ఉందో ఆమెకు తెలియదు.

ఆదివారం ప్రార్థన మానేసి కామారెడ్డి బస్సెక్కింది. కొత్త బస్టాండుకు వెళ్లే దారిలో, మొబైల్ షాపు పైన, కాలేజీ సీట్లు ఇప్పించే ఒక ఆఫీసు ఉంది. అది నడిపే అజయ్ మర్యాదగా కుర్చీ చూపించాడు.

"పబ్లిక్ హెల్తా? దాంట్ల ఏమున్నది అక్కా! హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ తీస్కో, ఏసీల కూసోవచ్చు."

"నాకు పబ్లిక్ హెల్తే గావాలె."

"సరే, గదే ఇప్పిస్త. కొలువు ఇడువాల్సిన పని లేదు. క్లాసులు లెవ్వు. ఇంటికాడ కూసోని రెండేండ్లల్ల పట్టా వస్తది."

"మరి ఊర్లల్ల తిరిగి చేసే పని?"

"గదీ మేమే రాసిస్తం." అజయ్ గర్వంగా సొరుగులోంచి ఒక ప్రాజెక్టు రిపోర్టు తీసి ఇచ్చాడు. నలభై పేజీలు, రంగుల అట్ట. లోపల ఊరి పేరు రావలసిన ప్రతిచోటా ఖాళీ వదిలి ఉంది. ఎస్తేర్ చివరి పేజీ తిప్పింది. 'పై గ్రామంలో అనారోగ్యానికి ప్రధాన కారణం ప్రజల అవగాహన లోపం' అని ఉంది.

ఆమె ఆ వాక్యం మళ్లీ చదివింది. తాను కార్డు మీద రాసిన మాట అక్షరం పొల్లు పోకుండా అక్కడ అచ్చయి ఉంది.

"ఊరి పేరు నింపకముందే తప్పు ఊరోళ్లదని రాసి పెట్టిన్రు గద!"

"గది ఫార్మాట్ అక్కా. అందరూ గట్లనే..."

"ఎవ్వడు పోయి చూసిండు? ఏ ఇంట్ల కూసున్నడు? ఇసొంటి పట్టాలు తెచ్చుకొనే మేం మనుషుల్ని చంపుతున్నం." రిపోర్టును నిలువునా చింపి అతని బల్ల మీదే పెట్టింది. మెట్లు దిగుతుంటే వెనక అతను ఏదో అరుస్తున్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

ఆ వారమంతా డ్యూటీ అయ్యాక ఫోను పట్టుకుని కూర్చుంది. దొరికిన ప్రతి కోర్సుకూ ఫోను చేసి ఒకటే అడిగింది: విద్యార్థులు జనంలో ఎన్నాళ్లు ఉంటారు? ఒకచోట, ఒక రోజు బస్సులో తీసుకుపోతామన్నారు. ఇంకోచోట ఫోనెత్తిన అమ్మాయి లైను కట్ చేసింది. ఒక కాలేజీవాళ్లు హాస్టలు, కంప్యూటర్ ల్యాబు గురించి పావుగంట చెప్పి, ఆ ప్రశ్న మాత్రం దాటేశారు.

చివరికి హైదరాబాద్‌లో ఒక సంస్థలో కళ్యాణి అనే పంతులమ్మ ఫోనెత్తింది. రెండేళ్లలో ఆరు నెలలు ఒకే బస్తీలోనో ఊరిలోనో ఉండాలంది. మొదటి నెల ఎవరికీ ఏ సలహా చెప్పకూడదట, వినాలట.

"ఎందుకు చేరాలనుకుంటున్నావమ్మా?"

ఎస్తేర్ అంజవ్వ సంగతి చెప్పింది. తన తప్పు దాచలేదు. కళ్యాణి అంతా వింది.

"నీ కోపం నాకర్థమైంది. కాని కోపమొక్కటే పట్టుకుని వస్తే మొదటి సెమిస్టర్ దాటలేవు. గణాంకాలు నేర్చుకోవాలి. చదివాక కొలువు వస్తుందని నేను మాటివ్వలేను."

ఇన్ని రోజుల్లో ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. ఎస్తేర్ అక్కడికే దరఖాస్తు పంపింది.

సీటు వచ్చిందని చెప్పిన రోజు యాకూబు కంచం ముందు నుంచి లేచిపోయాడు. "చేతిల కొలువున్నది, కాలుతోని తంతవా? రేపు కాంట్రాక్టోళ్లను పర్మనెంటు జేస్తే ఎవ్వల్ని అడుగుతవ్?"

"బాపు, గిట్లనే చేసుకుంట పర్మనెంటు అయితే, జిందగీ అంత గిదే తప్పు జేస్త."

ఈరవ్వ మాత్రం కంచం తీస్తూ, "పోనియ్యి. దాని మొఖం మూడు నెలల సంది చూస్తలేవా?" అంది.

వెళ్లే ముందు ఎస్తేర్ అంజవ్వ ఇంటికి పోయింది. అంజవ్వ మందులు వాడుతూ మంచం మీద ఉంది, ఎముకలు లెక్కబెట్టవచ్చు. ఆమె ఎస్తేర్ చేయి పట్టుకుని "మంచిగ సదువు బిడ్డా" అంది. రాజశ్రీ అలా అనలేదు.

"మా అత్తను చూపిచ్చి సదువుకుంటవా? సదువుకో. తను మంచం పట్టిన ఈ వాడల ఇంకెంతమందికి ఈ రోగం ఉన్నదో చూసినవా?"

ఆ మాట కొరడాలా తగిలింది. మర్నాటి నుంచి ఎస్తేర్ ఆ వాడలో ఇల్లిల్లూ తిరిగి, దగ్గేవాళ్లందరి తెమడ డబ్బాలు తానే పరీక్షకు పంపింది. పక్క సందులో ఇద్దరికి జబ్బు తేలింది. ఒకామె రాజశ్రీతో కలిసి బీడీలు చుట్టే తార, ఇరవై ఆరేళ్లది. ఇద్దరికీ మందులు మొదలయ్యాకే ఎస్తేర్ రాజీనామా కాగితం ఇచ్చింది. ఫోటోలేవని మహేందర్ అడిగితే, తీయలేదని చెప్పి వచ్చేసింది.

ఆగస్టులో హైదరాబాద్ చేరింది. క్లాసులో తోటివాళ్లు జనం మారరని తేలిగ్గా అన్నప్పుడల్లా ఆమె లేచి నిలబడేది, పంతులమ్మ కూర్చోమనేది. మొదటి సెమిస్టర్‌లో గణాంకాల పరీక్ష తప్పింది. సెలవులకు ఇంటికి పోకుండా కూర్చుని రెండోసారి రాసింది. పాసయింది.