కిటికీ పక్క సీటుకు ఇరవై అక్షరాలు

2018 మే 15, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. నల్లగొండ బస్టాండులో గాలి లేని ఎండ. దేవరకొండ బస్సు కిటికీలోంచి నేను వేసిన దస్తీ, ఒక అపరిచితురాలు వేసిన దస్తీ ఒకే సీటు మీద పడ్డాయి.

“లొల్లెందుకు సార్? గా ఎదురుంగ ఆగిన లారీ నంబరుల టి, ఎస్, యు, సి ఉన్నయి. గవన్నీ ఉన్న ఇంగ్లిష్ మాట ఎవలది పొడుగుంటే కిటికీ వాళ్లదే,” అన్నదామె.

నేను అంగీకరించాను.

“కస్టమర్స్. తొమ్మిది అక్షరాలు. మీది దొరికేదాంక నేను కూసుంట.”

అంతకంటే పొడవైన మాటలు నాకు వెంటనే తట్టాయి. అయితే అన్నిటికంటే పొడవైనదేదో తేల్చకుండా జవాబు చెప్పడం నా పద్ధతి కాదు. మల్లేపల్లి దాటాక ‘అన్‌క్యారెక్టరిస్టికల్లీ’ దొరికింది. వేళ్ల మీద లెక్కించి, పొరపాటు ఉండకూడదని మళ్లీ లెక్కించాను.

“ఇరవై!” అన్నాను.

“గెలిచిండ్రు సార్! రండ్రి, కూసోండ్రి,” అంటూ ఆమె లేచి, తన దస్తీతో సీటు తుడిచింది. అప్పటికే బస్సు దేవరకొండ బస్టాండులో ఆగి ఉంది.

అయినా కూర్చున్నాను.

“పెద్దాయనా, బస్సు గిక్కడిదాంకనే. దిగుర్రి,” అన్నాడు కండక్టరు.

తుది లెక్క ఇది: ఆమెకు తొమ్మిది అక్షరాలు, దారి పొడవునా గాలి, నాకు ఇరవై అక్షరాలు, ఆగిన బస్సులో ఒక్క నిమిషం కిటికీ.